లెవల్ పైపు

రఫియా టీచర్ అద్దంలాంటి ప్లాస్టిక్ పైపు చుట్టను భుజాన వేసుకుని స్టాఫ్‌రూంలో అడుగుపెట్టగానే, తెలుగు టీచర్ సావిత్రి టిఫిన్ డబ్బాకు మూత పెట్టేసింది. ఆ పైపు మీది దుమ్మంతా తన పులిహోరలోనే పడుతుందన్నట్టు.

"ఇయ్యాల ఏం తెచ్చినవమ్మా బేగంబజార్ నుంచి? మొన్న తూకం తరాజు, దానికి ముందు నిచ్చెన. ఇంకో రోలు, రోకలి తెచ్చుకుంటే దుకాణమే పెట్టుకోవచ్చు."

"లెవల్ పైపు," అంది రఫియా. "మేస్త్రీలు పట్టేది."

"అట్లయితే తాపీ గూడ పట్టు. మన సార్‌కు మేస్త్రి కూలి మిగుల్తది."

మిగతా వాళ్ళు నవ్వారు. రఫియా నవ్వలేదు. పైపును కిటికీ పక్కన మేకుకు తగిలించి, చేతులు దులుపుకుని హాజరుపట్టీ తీసుకుంది.

మొఘల్‌పురాలోని ఆ ప్రైవేటు బడిలో ఆమె ఎనిమిదో తరగతికి లెక్కలూ సైన్సూ చెబుతుంది. నల్లబల్ల మీద త్రిభుజం గీస్తే ఆవలించే పిల్లలు, గోడకు నిచ్చెన ఆనించి అదే త్రిభుజం చూపిస్తే బెంచీలు ఎక్కి మరీ చూశారు. ఆ రోజు నుంచి ఆమెకు బజారులో ఏ వస్తువు చూసినా పాఠమే గుర్తొస్తోంది. స్టాఫ్‌రూంలో ఈ పిచ్చి ఎవరికీ గిట్టలేదు. ఒకరు కొత్తగా చెప్పడం మొదలుపెడితే మిగతా వాళ్ళు ఏళ్ళ తరబడి ఎలా చెబుతున్నారో బయటపడుతుంది. అసలు మంట అక్కడ. అందరికంటే ఎక్కువ మంట బడి యజమానీ ప్రిన్సిపాలూ అయిన ఆనందరావుది. ఎదురుపడ్డప్పుడల్లా ఒకటే మాట: "సిలబస్ ఎప్పుడైతది మేడం? పేరెంట్స్ ఫీజు కట్టేది ఆటలకు కాదు."

బడి ఆవరణలో ఓ మూల కొత్త గది లేస్తోంది. గోడలు పైదాకా వచ్చాయి, ఇక స్లాబు వేయడమే మిగిలింది. కట్టే మేస్త్రి డానియేలు, రఫియా తరగతిలోనే చదివే స్వీటీకి తండ్రి. ఆ గోడల మీద నీటిమట్టం పాఠం చెప్పాలని రఫియా ముందురోజే అతన్ని అడిగింది.

"గోడ మీద చాక్‌పీసుతో గీతలు గీస్తం. ఏమనుకోవు కదా అన్నా?"

"గీసుకోండ్రి టీచరమ్మా. సున్నమేస్తే పోతయి," అన్నాడు డానియేలు చేతికంటిన సిమెంటు కడుక్కుంటూ. "మా బిడ్డకు గూడ జర నేర్పుండ్రి."

ఆ పొద్దు డానియేలు సెంట్రింగ్ సామాను చూడడానికి అఫ్జల్‌గంజ్ వెళ్ళాడు. పిల్లలు ఇసుక కుప్ప చుట్టూ మూగారు. అది తన తండ్రి కట్టిన గోడ కాబట్టి స్వీటీ ఎవరూ అడక్కుండానే ముందుకొచ్చింది. పైపు ఒక కొసను బకెట్ నీళ్ళలో ముంచి, రెండో కొసను నోట్లో పెట్టుకోబోయింది.

"ఛీ, తియ్!" రఫియా ఆమె చేతిలోంచి పైపు లాక్కుంది. "బజార్ల నేలమీద ఈడ్చిన పైపు అది. నోట్లో పెట్టుకుంటరా ఎవరన్నా?"

"మా బాపు గిట్లనే గుంజి నింపుతడు టీచర్."

"మీ బాపు మేస్త్రి. నువ్వు స్టూడెంట్‌వి."

స్వీటీ లంగా అంచుకు చేతులు తుడుచుకుని పక్కకు జరిగింది. రఫియా భయం రఫియాది. పటిక పాఠంలో ఒక పిల్ల చిన్న ముక్క నాకినందుకు వాళ్ళమ్మ ఆఫీసులోకి వచ్చి చేసిన లొల్లి ఆమె ఇంకా మరిచిపోలేదు. పైపు కొసను నల్లాకు తొడిగి తిప్పింది. నీళ్ళు బుడబుడమంటూ ఎక్కి రెండో కొసన చిమ్మాయి. పిల్లలు కేకలు వేశారు. పీరియడ్ సగం అయిపోయింది. ఆమె తొందరగా నల్లా కట్టేసింది.

ఒక మూల గోడ మీద గీత గీసి, నీటిమట్టం సరిగ్గా ఆ గీతకు వచ్చేలా పైపు పట్టుకుని నిలబడింది రఫియా. ఇసుక కుప్ప మీదుగా ఎదుటి మూలకు పైపు లాగి స్వీటీ రెండో కొస పట్టుకుంది. అక్కడ నీళ్ళు ఎక్కడ నిలిచాయో చూసి గీత గీయాలి. ఆ గీతల నుంచి గోడ పైఅంచు దాకా టేపు పైకి నిలబెట్టి కొలవాలి. రెండు కొలతలూ ఒక్కటైతే గోడ లెవల్లో ఉన్నట్టు.

స్వీటీ కొలిచింది. రఫియా మూలలో తీసిన కొలతతో పోల్చి చూసుకుంది. మళ్ళీ కొలిచింది.

"ఎంతుంది?"

"ఈ దిక్కు... రెండు వేళ్ళు తక్కువున్నది టీచర్."

"సరిగ్గ చూడు."

"సూసిన. గంతే ఉన్నది." ఆ పిల్ల ముఖం చిన్నబోయింది.

రఫియా వెళ్ళి తనూ కొలిచింది. తేడా నిజమే. "చూసిన్రా? సొంత బాపు కట్టిన గోడైనా ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కొలత అంటే ఇదీ. స్వీటీకి చప్పట్లు కొట్టండి."

పిల్లలు చప్పట్లు కొట్టారు. స్వీటీ మాత్రం గోడ వైపే చూస్తూ నిలబడింది. పైఅంతస్తు వరండా నుంచి ఇంకో జత చేతులు కూడా చప్పట్లు కొట్టాయి. ఆనందరావు! ఏ పాఠానికీ మెట్లు దిగని మనిషి ఆ రోజు గబగబా కిందికి వచ్చాడు.

"శభాష్ మేడం! చదువంటే ఇది. పిల్లలకు గూడ కనిపించిన వంకర మనకు కనిపించలే." ఫోన్ తీసి గోడనూ, గీతనూ, గీత పక్కన స్వీటీనీ ఫోటో తీసుకున్నాడు.

రఫియాకు సంతోషమైంది. దాచుకోవలసిన పని లేదు, మనసారా సంతోషమైంది. ఈ బడిలో ఆమె చెవిన శభాష్ పడడం అదే మొదలు. ఆ సంబరంలో డానియేలు ఆమెకు గుర్తుకే రాలేదు. నీళ్ళున్న పైపునే చుట్టి, కొసలు మడిచి రబ్బరుబ్యాండ్లు వేసి, తీసుకెళ్ళి మేకుకు తగిలించింది.

మర్నాడు ప్రార్థన ముగియకముందే ఆవరణలో గొడవ మొదలైంది. ఆనందరావు ఆదివారమే స్లాబు వేయాలంటాడు. బడికి సెలవు, పిల్లల అడ్డం ఉండదు. ఆదివారం చర్చికి పోతాను, పని ముట్టనని డానియేలు వారం నుంచి చెబుతున్నాడు. కొండల్ అనే ఇంకో మేస్త్రి ఏ రోజైనా సరేనంటున్నాడు. ఇంతకాలం ఆనందరావుకు ఒక సాకు కావలసి వచ్చింది. ఇప్పుడు అది ఫోన్‌లో ఫోటోగా ఉంది.

"పై వరసలు పీకి మళ్ళ కట్టాలె. నువ్వు కాదు, కొండల్ కడ్తడు. సోమవారం వస్తున్నడు," అన్నాడు ఆనందరావు.

"నా గోడ వంకరా?" డానియేలు గొంతు పెంచలేదు గానీ మెడ నరాలు బిగుసుకున్నాయి. "నా పైపు తెస్త సార్. మీ ముంగట్నే పట్టి సూపిస్త."

"నీ పైపు నీ దిక్కే చెప్తది. ఈ కొలత తీసింది ఎవరో తెల్సా? నీ బిడ్డ."

డానియేలు ఫోటో చూశాడు. పిల్లల వరసలో నిలబడ్డ కూతుర్ని చూశాడు. వేలితో పిలిచాడు. స్వీటీ వరసలోంచి బయటికి వచ్చింది. బడి బడంతా చూస్తోంది.

"నువ్వు సూసినవా?"

"సూసిన బాపు."

"రెండు వేళ్ళా?"

"రెండు వేళ్ళు."

అంతే. ఇక తన పైపు తెచ్చి ఎవరికేం చూపిస్తాడు? చేతిలోని తాపీని సిమెంటు తట్టలో విసిరి కొట్టాడు. తల గుడ్డ విప్పి దులుపుకుని గేటు వైపు నడిచాడు. రఫియా పక్కకు వచ్చాక మాత్రం ఆగాడు.

"గీత గీసుకోనిస్తే గోడే కూలగొడ్తిరి గదా టీచరమ్మా."

రఫియాకు కోపమొచ్చింది. కొలతలో తేడా వస్తే తనేం చేస్తుంది? వంకరగా కట్టింది తానా? రోజంతా ఆ కోపాన్ని మోసింది. మోస్తున్నకొద్దీ అది బరువెక్కింది తప్ప తగ్గలేదు.

శనివారం స్వీటీ వచ్చి ఎప్పుడూ కూర్చునే ముందు బెంచీ వదిలేసి చివరికి పోయింది. వెనక నుంచి ఎవరో "వంకర గోడ" అన్నారు, తరగతి గొల్లుమంది. రఫియా బల్ల మీద డస్టరుతో కొట్టింది. నవ్వు ఆగింది గానీ స్వీటీ తల ఎత్తలేదు. ప్రశ్న అడిగితే లేచి నిలబడింది, జవాబు చెప్పలేదు. రెండు రోజుల కిందట అందరికంటే ముందు చెయ్యెత్తిన పిల్ల.

గంట కొట్టాక రఫియా ఆమెను ఆపింది. "ఏమైంది? చెప్పు."

"ఏం కాలే."

"ఇంట్ల కొట్టిన్రా?"

"కొట్టలే." స్వీటీ సంచీ పట్టీని వేలికి చుట్టుకుంది. "బాపు నాతోని మాట్లాడ్తలేడు. నేను పెట్టిన పళ్ళెం ముట్టలే. సమజ్ గాలేదని చెప్పకపోయినవా, నీ కండ్లు పోయినాయా అని అమ్మ తిట్టింది." తల ఎత్తి సూటిగా చూసింది. ఆ చూపులో గౌరవం లేదు. "సూసింది సూసినట్టు చెప్పిన టీచర్. తప్పా?"

"తప్పు కాదు."

"మరి చప్పట్లెందుకు కొట్టిపిచ్చిన్రు?"

జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. రఫియా స్టాఫ్‌రూంకు వచ్చి కూర్చుంది. అందరూ వెళ్ళిపోయారు. ఎదురుగా మేకుకు ఆ పైపు. దాన్ని చూస్తుంటే ఒళ్ళు మండింది. నీళ్ళు పారబోసి ఏ అటక మీదో పడేద్దామని కిందికి దించింది. రబ్బరుబ్యాండ్లు తీసి, నీళ్ళు ఒలకకుండా రెండు కొసలనూ ఒక్క చేతిలో పక్కపక్కన పట్టుకుంది.

రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తులో నిలవాలి. పిల్లలకు ఆమె చెప్పిన పాఠమే అది. నిలవలేదు. ఒక కొసలో నీళ్ళు రెండు వేళ్ళు కిందికి ఉన్నాయి.

పైపు ఊపింది. కాసేపు ఆగి చూసింది. తేడా అలాగే ఉంది. కొసలు మళ్ళీ మడిచి కట్టి, పైపును నేల మీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని వేలితో తడుముతూ పోయింది. చుట్ట మధ్యలో, ఇసుక అంటుకుని మసకబారిన చోట గాలిబుడగ దొరికింది. వేలంత పొడుగు. పైపు ఎత్తితే జరిగింది, దించితే మళ్ళీ అక్కడికే వచ్చింది. నల్లా బుడబుడమన్నప్పుడు లోపలికి పోయిన గాలి. నోటితో గుంజితే నీళ్ళు ఒక్క ధారగా వచ్చేవి. ఆ పిల్ల అదే చేయబోయింది. నువ్వు స్టూడెంట్‌వి అని చేతిలోది లాక్కుంది తానే. కనీసం కొలవడానికి ముందు రెండు కొసలూ పక్కపక్కన పెట్టి చూసినా తెలిసేది. అదీ చేయలేదు.

పైపు తీసుకుని నేరుగా ఆఫీసులోకి వెళ్ళింది. చూపించింది. ఆనందరావు కుర్చీలో వెనక్కి వాలి అంతా విన్నాడు.

"మీకు తెల్సు, నాకు తెల్సు. పైపుకు నోరుందా?"

"గోడ బాగనే ఉండొచ్చు సార్. మళ్ళ కొలుద్దాం."

"కొలిచి? పేరెంట్స్ గ్రూపుల ఫోటో పెట్టిన. ఎంత మెచ్చుకుంటున్నరో చూడండి." ఫోన్ ముందుకు తోశాడు. ఆమె చూడకపోయేసరికి గొంతు మెత్తబరిచాడు. "మేడం, ఆ కొత్త రూం ఎవరికనుకుంటున్నరు? మీకే ఇద్దామనుకున్న. మీ తరాజు, నిచ్చెన, మీ సామాను మొత్తం అండ్లనే పెట్టుకోండి. పైన బోర్డు గూడ రాయిస్త."

ఆ గది ఆమెకు కావాలి. కావాలంటే మామూలుగా కాదు. గోడకు బల్లలు ఎక్కడ, తరాజు ఎక్కడ వేలాడదీయాలి, అన్నీ ఆ ఒక్క క్షణంలో కళ్ళముందుకు వచ్చాయి.

"లేదు, నేను తప్పు కొలిచిన అని మీరే చాటుకుంటరా?" ఆనందరావు గొంతు మామూలు గరుకుకు వచ్చేసింది. "అట్లయితే మీ పద్ధతే తప్పని ఒప్పుకున్నట్టు. నల్లబల్ల, చాక్‌పీసు. ఇంకేది ముట్టద్దు. ఆలోచించుకోండి."

ఆలోచించడానికి ఆదివారం ఉంది. పొద్దున్నంతా ఆమె అదే పని చేసింది. డానియేలుకు ఇంకో చోట పని దొరకదా? దొరుకుతుంది. పిల్లలు నాలుగు రోజులకు మరిచిపోరా? మరిచిపోతారు. స్వీటీ మాటేమిటి? అక్కడికి వచ్చేసరికి లెక్క ఆగిపోయింది. చూసింది చెప్పినందుకు తిట్లు తిన్న పిల్ల ఇంకెప్పుడూ చూసింది చెప్పదు. అది నేర్పిన టీచర్ తానవుతుంది. మధ్యాహ్నం దాటాక బుర్ఖా వేసుకుని ఇల్లు అడుగుతూ పోయింది.

డానియేలు అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నాడు, తెల్లచొక్కాలో గడప మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు. భార్య బేబీ లోపలి నుంచి తొంగి చూసి, కూర్చోమని అనకుండానే మళ్ళీ లోపలికి పోయింది. స్వీటీ తలుపు వెనక ఉంది, పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి.

"పైపుల గాలి ఉండె అన్నా," అంది రఫియా నిలబడే. "నల్లాకు పెట్టి నింపిన. నీ బిడ్డ సరిగ్గనే నింపబోయింది, నేనే ఆపిన. ఆమె చూసిన దాంట్ల తప్పు లేదు. తప్పు నాది."

డానియేలు తల దించుకున్నాడు. కాలి గోటికి అంటిన సిమెంటును గీకుతూ కూర్చున్నాడు.

"సార్‌కు చెప్పిన్రా?"

"చెప్పిన."

"ఏమన్నడు?"

"నోరు మూసుకోమన్నడు."

"మరి నా ఇంటికొచ్చి నాకు చెప్తే ఏమొస్తది టీచరమ్మా? నా గోడ సంగతి నాకు తెల్వదా?" ఇప్పుడు తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "చప్పట్లు యాడ కొట్టిపిచ్చిన్రు? ఆడ చెప్పుండ్రి. ఈడ గాదు."

తలుపు వెనక పాదాలు కదిలాయి. రఫియా తిరిగి వచ్చేసింది. మంచినీళ్ళు కూడా ఎవరూ ఇవ్వలేదు. ఇస్తారని ఆమె అనుకోలేదు కూడా.

సోమవారం ఆమె పీరియడ్‌కు కొండల్ అప్పటికే నిచ్చెన వేసి, సుత్తె పక్కన పెట్టుకుని బీడీ తాగుతున్నాడు. ఆ నిచ్చెన రఫియాదే.

"నా పీరియడ్ అయ్యేదాక గోడ ముట్టకు అన్నా," అంది.

"నాకేం తొందర మేడం. దినం కూలి," అని కొండల్ గోడ నీడలోకి జరిగాడు.

పిల్లలంతా చుట్టూ చేరాక రఫియా పైపు విప్పింది. రెండు కొసలూ పక్కపక్కన ఎత్తి పట్టుకుంది. "ఏం కనిపిస్తుంది?"

"ఎక్కువ తక్కువ ఉన్నది టీచర్."

"ఉండొచ్చా?"

"ఉండద్దు."

"ఎందుకుందో ఎతకండి."

పిల్లలు నేల మీద కూర్చుని పైపు పొడుగునా తడిమారు. "గాలి! గాలి ఉన్నది టీచర్!" అని ఇద్దరు ముగ్గురు ఒకేసారి అరిచారు. ఆ సందడిలోనే వెనక నుంచి ఒక గొంతు అడిగింది, "ఎవలు నింపిన్రు?"

"నేను," అంది రఫియా. పైన వరండాలో సావిత్రి, ఇంకో ఇద్దరు టీచర్లు వచ్చి నిలబడడం ఆమెకు కనిపిస్తూనే ఉంది. గొంతు తగ్గించలేదు. "స్వీటీ సరిగ్గ నింపబోతే నేను గుంజుకున్న. పైపుల గాలి పెట్టింది నేను. తప్పు కొలత తెచ్చింది నేను. మేస్త్రిది వంకర గోడ అనిపిచ్చింది నేను. మీరు చప్పట్లు కొట్టింది నా తప్పుకు."

ఎవరూ నవ్వలేదు. రఫియా నీళ్ళన్నీ పారబోసింది. బకెట్ ముందుకు లాగి ఒక కొస ముంచింది. స్వీటీ వైపు చూసింది. ఆ పిల్ల చేతులు వెనక్కి కట్టుకుంది. గేటు దగ్గర డానియేలు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

రఫియా ముఖం మీది దుపట్టా పక్కకు తీసి, రెండో కొసను నోట్లో పెట్టుకుని గుంజింది. మొదటిసారి నీళ్ళు సగం దాకా వచ్చి వెనక్కి పోయాయి. పైన సావిత్రి "అయ్యయ్యో" అంది. రెండోసారి గట్టిగా గుంజింది. నోటినిండా నీళ్ళు, ప్లాస్టిక్ కంపు, ఇసుక. దగ్గుతూ ఉమ్మేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిల్లలు అప్పుడు నవ్వారు. నవ్వనీ అనుకుంది. రెండు కొసలూ పక్కపక్కన పెట్టి చూపించింది. ఈసారి సమంగా ఉన్నాయి.

ఒక కొసను స్వీటీకి చాపింది. "పట్టు."

"నేను సూడ టీచర్. ఇంకెవరికన్న ఇయ్యుండ్రి."

"నువ్వే చూడాలె. తక్కువుంటే తక్కువని చెప్పు. మళ్ళ రెండు వేళ్ళే వస్తే రెండు వేళ్ళే అని చెప్పు."

స్వీటీ గేటు వైపు చూసింది. డానియేలు చేతులు కట్టుకుని గోడనే చూస్తున్నాడు. ఆ పిల్ల పైపు కొస తీసుకుని ఎదుటి మూలకు నడిచింది. పాత గీత మీద అరచెయ్యి అడ్డంపెట్టి రుద్దేసింది. నీళ్ళు కదలడం ఆగేదాకా నిలబడింది. గీత గీసింది. టేపు పెట్టింది. పెదవుల మీదే అంకెలు లెక్కపెట్టి, రఫియా మూల కొలతతో పోల్చుకుంది. ఎవరూ అడక్కుండానే మళ్ళీ కొలిచింది.

"బరాబర్ ఉన్నది," అంది. మూడోసారి కూడా టేపు పెట్టి చూసి, గేటు దాకా వినిపించేలా అరిచింది, "బరాబర్ ఉన్నది బాపు!"

ఈసారి రఫియా చప్పట్లు కొట్టించలేదు.

డానియేలు ఆవరణ దాటి వచ్చాడు. రఫియాను పలకరించలేదు. గోడ మీద అరచెయ్యి పెట్టి చూసి, ఆ చేతిని అందరికీ చూపించాడు.

"శుక్రవారం సంది ఎవలన్న దీనికి నీళ్ళు కొట్టిన్రా? కాల్తున్నది. సిమెంటు ఎండిపోయి రాలిపోతే అప్పుడు గూడ డానియేలే అంటరు గదా!"

తిట్టేది ఎవరినో తెలియదు. అందరినీ అయి ఉండాలి. కొండల్ బీడీ ఆర్పేసి, సుత్తె సంచీలో వేసుకున్నాడు. "నాకేం తెల్వదు భాయ్. రమ్మంటే వచ్చిన," అని గోడకు ఆనించిన నిచ్చెన దించి పక్కన పెట్టాడు.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఆనందరావు ముఖం జేవురించి ఉంది. పిల్లల ముందు అరవడం ఇష్టం లేక పళ్ళ మధ్యలోంచి మాట్లాడాడు.

"తమాషా అయిపోయిందా మేడం? ఆ రూం ఇంక మీది కాదు. రేపట్నుంచి ఈ సామాను బడిల కనిపించద్దు. తరాజు, నిచ్చెన అన్నీ స్టోర్‌రూంల పెట్టి తాళమేస్త."

"సరే సార్," అంది రఫియా. నోట్లో ఇసుక ఇంకా కరకరలాడుతోంది.

"పైపు ఇటియ్యండి."

రఫియా తన ఖాళీ చేతులు చూపించింది. పైపు ఒక కొస డానియేలు చేతిలో ఉంది. గోడకు నీళ్ళు పట్టేముందు వెనక గోడ కూడా చూసుకుందామనుకున్నాడేమో, కూతుర్ని పేరు పెట్టి పిలవకుండానే "పట్టుకొని ఆ మూలకు పో" అన్నాడు. శుక్రవారం తర్వాత ఆ పిల్లతో అతను మాట్లాడిన మొదటి మాట అది. స్వీటీ అప్పటికే రెండో కొసతో ఇసుక కుప్ప ఎక్కుతోంది.

"వాళ్ళ దగ్గరుంది సార్. అడిగి తీసుకోండి."

ఆనందరావు డానియేలును చూశాడు, ఆ చివరన స్వీటీని చూశాడు. అడుగుతాడేమోనని పిల్లలంతా చూశారు. ఆయన అడగలేదు.

"కిందికి పట్టినవ్ బాపు," గోడ అవతలి మూల నుంచి స్వీటీ గొంతు వినిపించింది. "జర పైకి లేపు."

డానియేలు పైకి లేపాడు.